12 అంగుళాల వుడ్ లేత్: కొన్న తర్వాత సరిచేసుకోవలసిన సంగతులు

ఇంటి వద్దనో చిన్న వర్క్‌షాపులోనో చెక్కపని చేసుకునేవారి కోసం మన మార్కెట్లో అమ్ముతున్న 12 అంగుళాల వుడ్ లేత్‌ను (చెక్కను గిరగిర తిప్పుతూ ఉలితో గుండ్రంగా చెక్కే యంత్రాన్ని) ఏడాదికి పైగా వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. ఈ తరగతి యంత్రాల విషయంలో ఒకే అచ్చులో పోసిన ఇనుముకు వేర్వేరు రంగులు పూసి, వేర్వేరు పేర్లున్న పలకలు బిగించి అమ్మడం మామూలు కనుక, పలక మీది పేరు కన్నా కొలతలను బట్టి పోల్చుకోవడమే కొనేవారికి మేలు. దీని బెడ్, అంటే మిగతా భాగాలన్నీ కూర్చునే పొడవాటి పీఠం, పోత ఇనుముతో చేసింది. బెడ్ నుంచి, చెక్కను తిప్పే ఇరుసైన స్పిండిల్ కేంద్రం 6 అంగుళాల ఎత్తున ఉంటుంది కాబట్టి 12 అంగుళాల వ్యాసం వరకు చెక్క తిరగాలి. అయితే ఉలిని ఆనించే టూల్ రెస్టును మోసే దిమ్మ పైనుంచి తిరగవలసి వచ్చినప్పుడు సుమారు 9 అంగుళాలకు మించి చోటు దొరకదు. చెక్కను రెండు చివరలా పట్టే సెంటర్ల (మొనల) మధ్య దూరం 18 అంగుళాలు. మోటారు ముప్పావు హార్స్‌పవర్, సింగిల్ ఫేజ్. వేగం మార్చడానికి అయిదు మెట్ల పుల్లీ, A సెక్షన్ వి-బెల్టు ఉన్నాయి. స్పిండిల్ మర అంగుళానికి 8 చుట్లుండే 1 అంగుళం మర. రెండు వైపులా సెంటర్లు దిగే, లోపలికి సన్నబడే రంధ్రం మోర్స్ టేపర్ 2వ నంబరు.

ఇనుము, స్పిండిల్, బేరింగులు పెట్టిన డబ్బుకు తగినట్లే ఉన్నాయి. బిగింపు, స్విచ్ అమరిక, యంత్రంతో పాటు ఇచ్చే ఉలులు మాత్రం తగినట్లు లేవు. పెట్టెలోంచి తీసి నేరుగా పనిలోకి దించితే ఇది వణుకుతుంది, చెక్క జారుతుంది, డ్రిల్ చేసిన రంధ్రం పక్కకు పోతుంది. ఈ మూడింటినీ యంత్రం నాసిరకమనడానికి గుర్తులుగా తీసుకుని తిరిగి ఇచ్చేసినవారు ఉన్నారు. నా అనుభవంలో ఇవన్నీ మామూలు స్పానర్లు, అలెన్ కీలు, ఒక ఆకురాయి, కొంత ఓపికతో సరయ్యేవే. తయారీదారు తప్పక మార్చవలసినది ఒక్క స్విచ్. దాని గురించి కింద వివరంగా రాశాను.

ముందుగా వణుకు. లేత్ వణుకుతున్నదంటే చాలామంది వెంటనే బేరింగులను అనుమానిస్తారు గాని, కొత్త యంత్రంలో బేరింగు చెడిపోయి ఉండడం అరుదు. కారణం ఎక్కడున్నదో తేల్చుకోవడానికి ఒక క్రమం పాటించాలి. బెల్టు తీసేసి మోటారును ఒంటరిగా నడపాలి. అప్పుడే వణుకు ఉంటే మోటారు బిగించిన పలక బోల్టులలోనో, మోటారు పుల్లీలోనో దోషం ఉన్నట్లు. మోటారు నిలకడగా తిరిగితే బెల్టు వేసి, చెక్క లేకుండా స్పిండిల్‌ను తిప్పాలి. ఇప్పుడు మొదలైన వణుకు బెల్టుదో స్పిండిల్ పుల్లీదో అవుతుంది. ఇక్కడ కూడా నిలకడగా ఉండి, చెక్క ఎక్కించాకే వణుకు వస్తే దోషం చెక్క సమతూకంలోనో, యంత్రం నిలబడిన బల్లలోనో వెతకాలి. ఈ వరుస పాటించకుండా ఏది పడితే అది విప్పితే, మొదట ఉన్న దోషానికి మనం తెచ్చిపెట్టిన దోషం తోడవుతుంది.

నేను కొన్న యంత్రంలో రెండో దశలోనే దోషం బయటపడింది. స్పిండిల్ పుల్లీని పట్టి ఉంచే గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ) సరిగా బిగించలేదు. పుల్లీని చేత్తో పట్టి అటూ ఇటూ కదిపితే చిన్న టకటక శబ్దం వినిపించింది. ఆ స్క్రూ స్పిండిల్ మీది చదును భాగం మీద కూర్చోవాలి. గుండ్రటి భాగం మీద బిగిస్తే ఎంత బిగించినా కొన్నాళ్లకు వదులవుతుంది, పైగా స్పిండిల్ మీద గాట్లు పడి తరువాత పుల్లీ ఊడి రాదు. చదునును వెతికి, స్క్రూకు మరలను పట్టి ఉంచే జిగురు ఒక చుక్క వేసి బిగించిన తరువాత ఆ శబ్దం మళ్లీ రాలేదు. అదే సమయంలో రెండు పుల్లీల ముఖాలకు ఒక ఉక్కు స్కేలు ఆనించి, అవి ఒకే వరుసలో ఉన్నాయో లేదో కూడా చూసుకోవాలి. వరుస తప్పితే బెల్టు ఒక పక్కే అరిగి, నల్లటి పొడి పుల్లీ కింద రాలుతూ ఉంటుంది.

బెల్టు విషయంలో తెలుసుకోవలసినది మరొకటి ఉంది. యంత్రంతో వచ్చిన వి-బెల్టు చాలాకాలం పెట్టెలో బిగించి ఉండడం వల్ల పుల్లీ దగ్గరి వంపు అందులో నిలిచిపోతుంది; తిరిగేటప్పుడు ఆ వంపు పుల్లీ మీదికి వచ్చినప్పుడల్లా ఒక కుదుపు వస్తుంది. కాసేపు నడిపితే వంపు సర్దుకోవచ్చు, లేకపోతే బెల్టు మార్చడమే మార్గం. A సెక్షన్ బెల్టు మీద A అక్షరం తరువాతి అంకె, లోపలి పొడవు ఎన్ని అంగుళాలో చెబుతుంది. అదే అంకె ఉన్న బెల్టు రైసు మిల్లు సామాన్లు, పిండిమర సామాన్లు అమ్మే ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది, లేత్ కంపెనీ నుంచి తెప్పించుకోనక్కరలేదు. పని ముగిశాక మోటారును కొంచెం పైకెత్తి బెల్టు వదులు చేసి ఉంచితే వంపు మళ్లీ రాదు. బిగించేటప్పుడు బొటనవేలితో నొక్కితే సుమారు ఒక సెంటీమీటరు దిగేంత బిగువు చాలు. అంతకు మించి బిగిస్తే జారడం ఆగుతుందేమో గాని, ఆ లాగుడంతా బేరింగు మీద పడుతుంది.

ఇక యంత్రాన్ని నిలబెట్టే బల్ల. కంపెనీ విడిగా అమ్మే రేకు స్టాండును నేను సిఫారసు చేయలేను. అది తేలిక, కాళ్లు సన్నం, సమతూకం లేని చెక్క ఎక్కిస్తే స్టాండంతా నేల మీద నడుస్తుంది. దళసరి చెక్కతో బల్ల చేయించి, కింది అరలో ఇసుక బస్తాలు పెట్టడం దీనికన్నా చౌక, బలం కూడా ఎక్కువ. నాలుగు కాళ్లూ నేలకు ఆనాయో లేదో రసమట్టంతో చూసి, ఎత్తు తక్కువైన కాలి కింద చెక్క ముక్క దూర్చిన తరువాతే యంత్రాన్ని బోల్టులతో బల్లకు బిగించాలి. ఒక పాదం గాలిలో ఉండగా బోల్టు బిగిస్తే బెడ్ మెలి తిరుగుతుంది. పోత ఇనుము ఎంత దళసరిగా ఉన్నా ఈ మెలిక తప్పదు, ఆ తరువాత సెంటర్లు ఎప్పటికీ కలవవు. స్పిండిల్ ఎత్తు నిలబడిన మనిషి మోచేతి ఎత్తుకు రావాలి. తక్కువైతే నడుము నొప్పి పెడుతుంది.

సెంటర్ల కలయికను కొనేటప్పుడు దుకాణంలోనే చూడవచ్చు గాని, ఎవరూ చూడరు. స్పిండిల్‌ను మోసే హెడ్‌స్టాకులో ఒక మొన, ఎదుటి వైపు బెడ్ మీద జరిగే టెయిల్‌స్టాకులో ఒక మొన పెట్టి, టెయిల్‌స్టాకును ముందుకు జరిపి రెండు మొనలను ఎదురెదురుగా తెస్తే, అవి సూదికి సూది తాకాలి. నాకు వచ్చిన యంత్రంలో మొనలు పక్కకు దాదాపు ఒక మిల్లీమీటరు తప్పాయి. రెండు సెంటర్ల మధ్య మంచం కోళ్లు, కుర్చీ కాళ్లు తిప్పేవారికి ఈ మాత్రం తేడా పెద్దగా తెలియకపోవచ్చు, ఎందుకంటే చెక్క ఆ రెండు బిందువుల మధ్య ఉండే గీతనే తన ఇరుసుగా చేసుకుని తిరుగుతుంది. చెక్కను ఒక వైపే, దవడలతో బిగించే చక్‌లో పట్టి, టెయిల్‌స్టాకు నుంచి డ్రిల్ తోసినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. అప్పుడు రంధ్రం ముఖద్వారం వెడల్పవుతుంది, సన్నని బిట్టు అయితే వంగి విరుగుతుంది.

దీన్ని సరిచేసే పద్ధతి ఇది. హెడ్‌స్టాకును బెడ్‌కు కింది నుంచి పట్టి ఉంచే నాలుగు బోల్టులను వదులు చేయాలి, పూర్తిగా తీయకూడదు. రెండు చివరలా మోర్స్ టేపర్ 2 ఉన్న అమరిక కడ్డీని హెడ్‌స్టాకు స్పిండిల్‌లో ఒక చివర, టెయిల్‌స్టాకులో రెండో చివర కూర్చోబెట్టి, టెయిల్‌స్టాకును బెడ్ మీద బిగించాలి. ఇప్పుడు కడ్డీయే హెడ్‌స్టాకును తన వరుసలోకి లాగుతుంది. ఆ స్థితిలో నాలుగు బోల్టులనూ ఎదురు మూలల వరుసలో, ఒక్కొక్కటీ కొద్దికొద్దిగా బిగిస్తూ రావాలి. ఒక బోల్టును ఒకేసారి పూర్తిగా బిగిస్తే హెడ్‌స్టాకు మళ్లీ పక్కకు తిరుగుతుంది. హెడ్‌స్టాకు ఎత్తులో తక్కువగా ఉంటే దాని కింద పల్చని ఇత్తడి రేకు ముక్కలు పెట్టి లేపవచ్చు. ఆ కడ్డీ యంత్రంతో రాదు, విడిగా కొనాలి, దాని ధర కొంచెం ఎక్కువే. ఇలాంటి లేత్ ఉన్నవారు నలుగురు కలిసి ఒకటి కొని పంచుకుంటే సరిపోతుంది, ఎందుకంటే ఒకసారి సరిచేసిన హెడ్‌స్టాకు బోల్టులు కదపనంత కాలం అలాగే నిలుస్తుంది.

ఇంత చేసినా ఈ యంత్రంలో ఒక చిన్న లోటు మిగులుతుంది. టెయిల్‌స్టాకు కింది నాలుక, బెడ్ మధ్య గాడి కన్నా కొంచెం సన్నం. అందువల్ల బిగించే ముందు టెయిల్‌స్టాకు పక్కకు కొద్దిగా ఆడుతుంది. ప్రతిసారీ దాన్ని మనవైపుకే లాగి పట్టుకుని బిగించడం అలవాటు చేసుకుంటే ఆ ఆట పనిలో కనిపించదు. అమరిక కడ్డీతో సరిచేసేటప్పుడు కూడా అదే పక్కకు లాగి ఉంచడం మరవకూడదు.

చెక్క జారడం గురించి వచ్చే ఫిర్యాదులలో ఎక్కువ భాగం టేపర్ మురికికి సంబంధించినవే. మోర్స్ టేపర్ రాపిడితోనే పట్టు నిలుపుకుంటుంది, కాబట్టి అందులో నూనె గాని, పొట్టు గాని చేరితే డ్రైవ్ సెంటర్ (చెక్కను తిప్పే పళ్ల మొన) లోపలే తిరిగి టేపర్‌ను గీరేస్తుంది. ఫ్యాక్టరీ నుంచి తుప్పు పట్టకుండా పూసి పంపే జిడ్డును కిరసనాయిలుతో తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టాకే మొదటిసారి సెంటర్ పెట్టాలి. డ్రైవ్ సెంటర్ పళ్లు మొద్దుబారి ఉంటే సన్నని ఆకురాయితో పదును పెట్టాలి. ఆ సెంటర్‌ను చెక్కలో దిగగొట్టే పని లేత్ బయట, బల్ల మీద పెట్టి కొడతితో చేయాలి. స్పిండిల్‌లో ఉండగానే చెక్కను సుత్తితో బాదితే ఆ దెబ్బలు బేరింగు గుళ్లకు తగిలి గాడులలో గుంటలు పడతాయి, కొన్నాళ్లకు గరగర శబ్దం మొదలవుతుంది.

టూల్ రెస్టు పైఅంచు పోత ఇనుము గరుకుతో వచ్చింది. ఉలి దాని మీద జారుతున్నప్పుడు చిన్న చిన్న గాట్ల దగ్గర ఆగి, ఆ ఆగిన చోటల్లా చెక్క మీద మెట్టు పడుతుంది. చదును ఆకురాయిని అంచు పొడవునా ఒకే దిశలో నడిపి, చివర కొవ్వొత్తి రుద్దితే ఆ బాధ తీరుతుంది. రెస్టు దిమ్మ బెడ్ మీద పట్టు నిలవకపోవడానికి కారణం అడుగున బిగింపు పలక మీద పూసిన రంగు. ఆ రంగును గీకి, కింది నట్టును పావు చుట్టు బిగిస్తే లీవరు సగం దూరంలోనే గట్టిగా పట్టుకుంటుంది.

ఇప్పుడు స్విచ్ సంగతి. యంత్రం ఆన్-ఆఫ్ మీట హెడ్‌స్టాకు ఎడమ చివర, మోటారు పక్కన ఉంది. చెక్క ఊడి వస్తున్నదని తెలిసిన క్షణంలో దాన్ని ఆపాలంటే తిరుగుతున్న చెక్క ముందుగా చెయ్యి చాపి వెళ్లాలి. అది మామూలు మీట కావడం ఇంకా పెద్ద లోపం. పని మధ్యలో కరెంటు పోయి, మనం ఉలి పక్కన పెట్టి, చెక్క మీద వేళ్లు పెట్టి నునుపు చూసుకుంటున్నప్పుడు కరెంటు తిరిగి వస్తే లేత్ తనంతట తానే తిరగడం మొదలుపెడుతుంది. కరెంటు కోతలు మామూలుగా ఉండే చోట ఇలాంటి స్విచ్‌తో యంత్రాన్ని అమ్మడం ఏ విధంగానూ సమర్థించదగినది కాదు. దీనికి మందు నో-వోల్ట్ రిలీజ్ ఉన్న స్విచ్: కరెంటు పోగానే అది తెగిపోతుంది, తిరిగి వచ్చాక పచ్చ మీట నొక్కితే తప్ప కలవదు. దాన్ని టెయిల్‌స్టాకు వైపు, బల్ల అంచుకు, మోకాలితో కూడా కొట్టి ఆపగలిగే చోట బిగించుకోవాలి. పొలం మోటార్లకు పెట్టే ఆటో స్టార్టర్‌ను మాత్రం లేత్‌కు ఎన్నడూ వాడకూడదు, ఎందుకంటే కరెంటు రాగానే మోటారును మొదలుపెట్టడమే దాని పని. యంత్రం కొన్నవారెవరైనా మొదటి చెక్క ఎక్కించే ముందే ఈ ఒక్క మార్పు చేయించుకోవాలని గట్టిగా కోరుతున్నాను.

మోటారు నాణ్యత బాగానే ఉంది. వోల్టేజి తగ్గిన వేళల్లో మాత్రం అది తిరగకుండా గుమ్మని మూలుగుతుంది. అలా మూలిగితే వెంటనే ఆపాలి, లేకపోతే వైండింగు కాలుతుంది. వోల్టేజి సరిగా ఉన్నా మూలుగుతూ ఉంటే, స్టార్టింగ్ కెపాసిటర్ పోయి ఉండాలి, లేదా లోపలి సెంట్రిఫ్యూగల్ స్విచ్ కాంటాక్టుల మధ్య చెక్క పొడి చేరి ఉండాలి. కెపాసిటర్‌లో కరెంటు ఆపిన తరువాత కూడా చార్జి నిలిచి ఉంటుంది కనుక దాన్ని మోటారు మెకానిక్ చేతే మార్పించడం మంచిది. కష్టమైన పని కాదు, ఖర్చు కూడా పెద్దది కాదు. సన్నని ఎక్స్‌టెన్షన్ తీగతో దూరం నుంచి కరెంటు తెచ్చుకుంటే తీగలోనే వోల్టేజి పడిపోతుంది, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో, ఎర్త్ ఉన్న మూడు పిన్నుల సాకెట్‌కు నేరుగా కలపాలి.

హెడ్‌స్టాకు తలుపు మీద అంటించిన వేగాల పట్టికను నమ్మవద్దు. అది 500 నుంచి 3,600 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) వరకు అంకెలు చూపుతుంది. మోటారు పలక మీద 1,440 ఉంది. పట్టిక మాత్రం 60 హెర్ట్జ్ కరెంటు ఉన్న దేశాలలో 1,725 దగ్గర తిరిగే మోటారుకు లెక్క వేసినది. మన 50 హెర్ట్జ్ మీద అవే మెట్లు సుమారు 415 నుంచి 3,000 వరకే ఇస్తాయి. నిజానికి ఇది మనకు అనుకూలమే, ఎందుకంటే సమతూకం లేని మొద్దును మొదట గుండ్రం చేసేటప్పుడు కావలసినది తక్కువ వేగమే. చెక్క వ్యాసాన్ని అంగుళాలలో తీసుకుని ఆర్‌పీఎంతో గుణిస్తే 6,000 నుంచి 9,000 మధ్య రావాలన్నది లేత్ పనివారు వాడే లెక్క. దాని ప్రకారం 6 అంగుళాల గిన్నెకు 1,000 నుంచి 1,500, 12 అంగుళాల పళ్లేనికి 500 నుంచి 750. గరుకు మొద్దును ఎంత చిన్నదైనా అడుగు మెట్టులోనే మొదలుపెట్టాలి.

సవరణలన్నీ అయ్యాక యంత్రాన్ని లక్కపనితో పరీక్షించాను. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి, తిరుగుతున్న కర్రకు రంగు లక్కను ఒత్తుతారు; రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది, ఆ పైన మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ బొమ్మల పనితో పోల్చదగినంత నేర్పు నాకు లేదు గాని, లేత్ ఎంత నిలకడగా తిరుగుతున్నదో చెప్పడానికి లక్కను మించిన పరీక్ష లేదు. కర్ర ఏ మాత్రం ఊగినా ఎత్తైన పక్కనే లక్క అంటుకుని, పల్లపు పక్క కర్ర రంగు అలాగే మిగిలిపోతుంది. సవరించక ముందు ఎర్ర లక్క పట్టీ ఒక పక్క వేలి మందాన, మరో పక్క గీతలా వచ్చింది. పుల్లీ, సెంటర్లు సరిచేశాక అదే పట్టీ చుట్టూ ఒకే వెడల్పున పడింది. ఇంత చవక యంత్రం ఈ పరీక్షలో నెగ్గడం నాకు నిజంగా సంతోషం కలిగించింది.

యంత్రంతో ఉచితంగా ఇచ్చిన ఉలులు మామూలు కార్బన్ ఉక్కువి. సానరాయి మీద పెడితే నక్షత్రాల్లా విచ్చుకునే తెల్లటి రవ్వలు రావడమే దానికి గుర్తు. హైస్పీడ్ స్టీల్ అయితే రవ్వలు ఎర్రగా, పొట్టిగా వస్తాయి. ఈ ఉలులు సాన పట్టేటప్పుడు నీలం తిరిగితే పదును నిలవదు. టేకులో సహజంగా ఉండే సిలికా వాటిని త్వరగా మొద్దుబారుస్తుంది, మొద్దు ఉలితో పని చేస్తే చెక్క పీచు లేస్తుంది, కొనేవాడు మళ్లీ యంత్రాన్నే తప్పు పడతాడు. మూడు మంచి హైస్పీడ్ స్టీల్ ఉలులకు డబ్బు పక్కన పెట్టుకునే ఈ లేత్ కొనాలి. సెట్‌లోని వెడల్పాటి రఫింగ్ గౌజును (మొద్దును గుండ్రం చేసే దోనె ఉలిని) గిన్నెల పనికి వాడకూడదు. పిడిలోకి దిగే దాని తోక సన్నం, అడ్డపొరకు తగిలితే అక్కడే విరుగుతుంది.

సముద్ర తీరపు గాలిలో బెడ్‌కు తుప్పు త్వరగా పడుతుంది. నూనె రాస్తే పొట్టు అంటుకుంటుంది కాబట్టి మైనం రుద్దడం మేలు. పచ్చి తుమ్మ తిప్పిన రోజున మాత్రం వెంటనే తుడవాలి, ఆ చెక్కలోని టానిన్ ఇనుముకు తగిలితే నల్లటి మచ్చలు పడతాయి.

అమ్మిన డీలరు సేవ గురించి చెప్పడానికి మంచి మాటలు తక్కువ. విడిభాగాలు ఉన్నాయని చెప్పారు గాని, టూల్ రెస్టు లీవరు అడిగితే చాలా ఆలస్యంగా వచ్చింది, అది కూడా వేరే కొలత. అదృష్టవశాత్తు ఈ యంత్రంలో బేరింగులు, బెల్టు, స్విచ్ అన్నీ బజారులో దొరికే ప్రామాణిక కొలతలవే. బేరింగు మీది నంబరు రాసుకుని వెళ్తే బేరింగుల దుకాణంలో అదే రోజు దొరుకుతుంది. స్పిండిల్ మర కూడా సాధారణ కొలతే కావడంతో చక్‌లు, ఫేస్‌ప్లేట్లు (చెక్కను స్క్రూలతో బిగించే పలకలు) ఏ కంపెనీవైనా ఎక్కుతాయి; ఫేస్‌ప్లేటు బిగుసుకుపోకుండా మధ్యలో ప్లాస్టిక్ వాషర్ ఒకటి వేసుకుంటే చాలు.

కుర్చీ కాళ్లు, అప్పడాల కర్రలు, బొంగరాలు, బొమ్మలు, 8 అంగుళాల లోపు గిన్నెలు చేయదలచినవారికి, కొన్న వెంటనే కొన్ని పూటలు సవరణలకే కేటాయించగలిగినవారికి ఈ లేత్‌ను నిస్సందేహంగా సిఫారసు చేస్తాను. రోజంతా పెద్ద పళ్లేలు తిప్పి అమ్ముకునేవారికి ముప్పావు హార్స్‌పవర్ చాలదు. లోతుగా కోత పెట్టిన ప్రతిసారీ బెల్టు జారుతుంది, వేగం మార్చాలన్న ప్రతిసారీ తలుపు తెరిచి బెల్టు మెట్టు మార్చవలసి వస్తుంది. వారు ఇంకొంత ఆగి, కనీసం ఒకటిన్నర హార్స్‌పవర్ మోటారు, తిరుగుతుండగానే వేగం మార్చే డ్రైవ్ ఉన్న పెద్ద యంత్రాన్ని చూసుకోవాలి.